గిలాబు లేని గుడిలో నా పాట

నాకు మనుషుల మీద అసూయ పుట్టడం కొత్తేం కాదు. పక్కింటామె మల్లెతీగ నా తీగకంటే ఎక్కువ పూసిందంటే చాలు, ఆ పూట నాకు అన్నం సయించదు. కానీ ఒక కట్టడాన్ని చూసి కడుపు మండడం మాత్రం ఈ వయసులోనే నా రాతకు వచ్చింది. ఆ కట్టడం మా కొత్త కతీడ్రల్. అది చాలదన్నట్టు ఆ కతీడ్రల్ తనకు నచ్చిన మనిషిని తనే ఎంచుకుంది. ఆ మనిషి నేను కాదు, మా మరిది భార్య. మా దిక్కు యారాలు అంటాం. మా ఇంట్లోనే పై భాగంలో ఉంటుంది. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురయ్యేది ఆమె మొహమే.

మాది నస్పూర్. మా ఆయనా మరిదీ ఇద్దరూ బొగ్గుబాయిలో పనిచేస్తారు. చర్చిని మేం గుడి అనే అంటాం. చెప్పులు బయట విడిచి, కింద జంపఖానా మీద ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటాం. మా పాత గుడి పేరుకు గుడే గానీ చూపుకు గోదాము. పొడుగాటి షెడ్డు, పైన రేకులు, రేకుల కింద కిర్రుమనే ఫ్యాన్లు. ఎండకాలం రేకులు కాగి టప్పుటప్పుమనేవి. ఇక వానాకాలం ఫాదర్ ప్రసంగం ఫాదర్‌కే వినపడేది కాదు. గోడ అవతల రోడ్డు, రోడ్డు మీద ఆగకుండా బొగ్గు లారీలు. ఇవన్నీ చాలక ఆదివారం పూజ మధ్యలోనే బాయి సైరన్ కూసేది.

ఆ గుడిలో పాట ఎత్తేది నేను. మా అవ్వగారిల్లు, అంటే పుట్టిల్లు, చొప్పదండి దగ్గర పల్లె. పొలం ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద ఉన్న బాపును అన్నానికి పిలిచిన గొంతు నాది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం జోరువాన. పాట ఎత్తవలసిన ముసలామె నోరు కదులుతోంది గానీ ఒక్క మాట బయటికి రావడం లేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. కొత్త కోడలినన్న సిగ్గు కూడా లేకుండా నేను అందుకున్నాను. వాన కింద పడింది, నా పాట పైన నిలబడింది. ఆ రోజు నుంచి మైకు ఉన్నా లేకపోయినా, కరెంటు ఉన్నా పోయినా గుడిలో పాట నాదే. మా అత్త చుట్టాల దగ్గర నన్ను చూపించి, "గీమె నోరు తెరిస్తే లారీలు ఆగుతయి" అనేది. అది పొగడ్తో ఎత్తిపొడుపో నేనెప్పుడూ అడగలేదు. పొగడ్త కిందే జమ చేసుకున్నాను.

మా దగ్గర కీర్తన పాడే పద్ధతి ఒకటి ఉండేది. కీర్తనలో చరణం ఒకరే పాడతారు, పల్లవి జనమంతా అందుకుంటారు. లోకంలో ఎక్కడైనా చరణం అయిపోయాకే జనం అందుకుంటారట. మా దగ్గర అట్లా కాదు. చరణం చివరి మాట ఇంకా నా నోట్లో ఉండగానే జనం మీదపడి పల్లవి ఎత్తుకునేవాళ్ళు. సందు ఇవ్వకూడదు, ఇస్తే ఆ సందులో లారీ దూరుతుంది. నేను చివరి మాట దగ్గర భుజాలు లేపి గట్టిగా గాలి పీల్చేదాన్ని. ముందు వరసల్లోని ఆడవాళ్ళు నా భుజాలు చూసి అందుకునేవాళ్ళు, వాళ్ళను విని మగవాళ్ళు. కొత్తగా వచ్చిన ఫాదర్లు మొదట్లో బిత్తరపోయేవాళ్ళు. తరువాత వాళ్ళకూ అదే అలవాటయ్యేది.

ఆ షెడ్డు పక్క ఖాళీ జాగాలోనే కొత్త కతీడ్రల్ కట్టాలని నిర్ణయమైంది. కతీడ్రల్ అంటే బిషప్ గారి పీఠం ఉండే గుడి, చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ పెద్ద. మేమంతా క్యాలెండర్లలో చూసిన బొమ్మలనే మనసులో పెట్టుకున్నాం. రెండు పక్కలా రెండు గోపురాలు, కొసదేరిన కిటికీలు, తెల్లటి సున్నం, పైన గంట. తీరా లేచింది చూస్తే ఏముంది? బోర్లించిన చాటలాంటి ఒక కప్పు. వెనక ఎత్తుగా లేచి ముందుకు వంగి దిగుతుంది. ఎక్కడా గోపురం లేదు. సిలువ కూడా గుడి మీద లేదు, పక్కన నిలబెట్టిన ఒంటి గోడకు ఉంది. గోడలంతా ఉత్త కాంక్రీటు. సెంట్రింగు చెక్కలు విప్పితే ఆ చెక్కల ఈనెలు కూడా గోడ మీద అచ్చుపడి అట్లాగే ఉన్నాయి.

ఊరంతా ఒకటే ప్రశ్న. "ఫాదర్, గిలాబు ఎప్పుడు చేస్తరు?" సిమెంటు పూతను మేం గిలాబు అంటాం. ఫాదర్ ఓపికగా, ఇది ఇంతే, దీనికి గిలాబు ఉండదు, రంగు ఉండదు, ఇట్లా ఉండడమే దీని అందం అని చెప్పేవాడు. ఎవరూ నమ్మలేదు. పైసలు అయిపోయి ఉంటాయి, పైకి చెప్పుకోలేక అందమంటున్నారు అనుకున్నారు. మా వీధిలో ఒకాయన ఏకంగా, "మా చుట్టం మంచిగ గిలాబు కొడ్తడు ఫాదర్, జర తక్కువకే మాట్లాడ్త" అని బేరం కూడా పెట్టాడు.

నేనూ అందరితో కలిసి నవ్వాను. లోపలికి పోయేదాకా.

ఊడ్చిపెట్టడానికి ఆడవాళ్ళు కావాలంటే మొదటిసారి లోపల కాలు పెట్టాను. తలుపు దగ్గర కప్పు చేతికి అందేటంత కిందికి ఉంది, తల వంచబుద్ధయింది. పక్కన జ్ఞానస్నానం తొట్టిలో నీళ్ళు సన్నగా పారుతున్నాయి. నాలుగు అడుగులు వేసేసరికి కప్పు పైపైకి పోయింది. ఒక్క స్తంభం లేదు. అంత పెద్ద గదిని ఏది మోస్తుందో అర్థం కాలేదు. నేల విసనకర్రలాగా విచ్చుకుని, కొంచెం కొంచెం వాలుగా బలిపీఠం వైపు దిగుతోంది. బలిపీఠం కరీంనగర్ రాయి, ఒకే దిమ్మ. మూడు పక్కలా జనం కూర్చుంటారు, ఎంత వెనక కూర్చున్నా దూరమనిపించదు. అంచుల్లో ముసలివాళ్ళకు బల్లలు, మిగతాదంతా నున్నటి నల్లబండ. బలిపీఠం వెనక గోడ పైన, కప్పును తాకకముందే గోడ ఆగిన చోట, పొడుగాటి సందు వదిలారు. ఆ సందులోంచి వెలుగు గోడ మీదుగా కిందికి జారుతోంది. బల్బు ఒక్కటీ వెలగడం లేదు. ఇంటికి వచ్చి చెబితే మా ఆయన కూడా పోయి చూసి వచ్చాడు. "బాయిల నుంచి పైకొస్తాంటే, మొగదల ఇట్లనే కనవడ్తది వెలుగు" అన్నాడు. ఆయన ఏ కట్టడం గురించీ అంత పెద్ద మాట అనడం నేను వినలేదు.

నేను మాత్రం ఆ రోజే దాన్ని నాది చేసుకున్నాను. చీపురు పట్టుకుని నిలబడి, ఇన్నేళ్ళు రేకుల కింద లారీలతో కొట్లాడిన గొంతుకు దేవుడు చివరికి ఒక ఇల్లు కట్టించాడు అనుకున్నాను. రోడ్డు చప్పుడు ఆ గోడలు దాటి రావడం లేదు. అంత నిశ్శబ్దం నేను గుడిలో ఎప్పుడూ వినలేదు. ప్రతిష్ఠ రోజు బిషప్ గారు ఉంటారు, ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా అన్ని గుళ్ళ జనం ఉంటారు. ఆ రోజు కీర్తన పాడేది నేను. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడగవలసినంత అనుమానం ఎవరికైనా ఉందని నేననుకోలేదు. మంచిర్యాల పోయి నెమలికంఠం రంగు చీర కూడా తెచ్చుకున్నాను.

ప్రాక్టీసుకు పిలిచిన రోజు హైదరాబాద్ నుంచి ఆర్కిటెక్ట్ కూడా వచ్చాడు. సన్నటి గడ్డం, చేతిలో ఏ కాగితమూ లేదు. ఒక్కసారి చప్పట్లు చరిచి, కప్పు వైపు చూస్తూ, ఆ చప్పుడు పోయిన మనిషిలాగా తిరిగివస్తుందేమోనన్నట్టు నిలబడేవాడు. నేను మైకు పక్కకు జరిపి, మామూలుగా ఎట్లా పాడతానో అట్లాగే ఎత్తాను.

మొదటి మాట బాగానే పోయింది. రెండో మాట నోట్లోంచి వచ్చేసరికి మొదటి మాట ఇంకా కప్పు కిందే తిరుగుతోంది. మూడోది వచ్చి ఆ రెండింటి మీద పడింది. గోడలు అన్నిటినీ పట్టుకుని కలిపి నా మొహాన కొట్టాయి. గొంతు చాలడం లేదేమో అనుకుని ఇంకా పెంచాను. పెంచినకొద్దీ బురద అయింది. పాడేది నేనే అయినా ఏ మాట పాడుతున్నానో నాకే తెలియలేదు. పాట ఆపాను. ఆపాక కూడా అది చాలాసేపు మోగింది. ఆ మోత ఆగేదాకా అందరూ నేల చూస్తూ నిలబడ్డారు. అంతకంటే సిగ్గు ఇంకోటి లేదు.

"మీ గొంతు చాలా పెద్దదండి" అన్నాడు ఆర్కిటెక్ట్, ఎంతో మర్యాదగా. "కానీ ఇక్కడ గోడలు కూడా పాడతాయి. వాటికి కొంచెం టైమ్ ఇవ్వాలి."

గోడలు పాడతాయట. వాళ్ళ గోడలకు సిమెంటు పూత కూడా దిక్కులేదు గానీ పాట కావాలట. లోపల లోపల ఇంకా చాలా అన్నాను.

ఫాదర్ చుట్టూ చూశాడు. కోయర్ వెనక వరసలో మా యారాలు నిలబడి ఉంది. ఆమెది పెద్దపల్లి పక్క. చిన్నప్పటి నుంచి సిస్టర్ల హాస్టల్లో పెరిగింది. గిన్నె కింద పెట్టినా చప్పుడు రానివ్వదు, తుమ్మినా కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతుంది. పాత గుడిలో ఆమె నా వెనక నిలబడి ఇన్నేళ్ళు పాడింది. పాడిందనే అనుకుంటున్నాను, నాకు ఎప్పుడూ వినపడలేదు.

"నువ్వు జర ఎత్తు, బిడ్డా" అన్నాడు ఫాదర్.

ఆమె నావైపు చూసింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఆమె ఒక్కో మాటే, నీళ్ళ కుండ దించినట్టు నెమ్మదిగా వదిలింది. మాట పోయి కప్పును తాకి, మెత్తబడి, కిందికి వచ్చేదాకా ఆగింది. తరువాత ఇంకోటి. బక్కపలచని గొంతు. మా షెడ్డులో అయితే ఫ్యాను కూడా లెక్కచేయని గొంతు. ఇక్కడ అది గదంతా నిండింది. చివరి బల్ల దగ్గర తుడుస్తున్న ఒకామె కూడా గుడ్డ పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. ప్రతి మాటా వినపడింది. నాకూ వినపడింది. అదే నా బాధ. బాగాలేకపోతే ఎంత బాగుండేదో.

ఆ సాయంత్రం ఫాదర్ మా ఇంటికి వచ్చి చాయ్ తాగుతూ, "అమ్మా, మీరేం అనుకోవద్దు. ప్రతిష్ఠ నాడు కీర్తన చెల్లె పాడ్తది. మీరు మన జనంల కూసోని నడిపియ్యున్రి" అన్నాడు. నేను ఇంకో రెండు బిస్కెట్లు పెట్టి, "గట్లనే ఫాదర్, నాదేమున్నది" అన్నాను. ఆయన వెళ్ళాక చాయ్ కప్పు కడుగుతూ ఏడ్చాను.

ఆ తరువాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్తే నవ్వుతారు. పై భాగంలో ఆమె సాధన మొదలుపెట్టగానే నేను కింద మిక్సీ వేసేదాన్ని. పచ్చడి అవసరం ఉండి కాదు. మా ఆయన పళ్ళెం ముందు కూర్చుని, "ఏందే, దినాం పచ్చడేనా? కడుపుల మంట నీకా నాకా?" అనేవాడు. ఆయనకు అంతా తెలుసు. అంతా తెలిసిన మొగుడంత పరేషాన్ ఇంకోటి లేదు.

వీధిలో ఆమెను ఆపి పలకరించేవాళ్ళు ఎక్కువయ్యారు. "గింత మంచిగ పాడ్తవని మాకు తెల్వకపాయె" అంటుంటే నేను పక్కనే నిలబడి పాలప్యాకెట్ పట్టుకుని నవ్వేదాన్ని. తెల్వకపోవడానికి కారణం నేనే అన్నట్టు వినపడేది నాకు. నిజంగా అది నా తప్పా? రేకుల కింద ఎవరో ఒకరు అరవాలి కదా. అరిచి అరిచి ఆ గుడిని నిలబెట్టిన గొంతు ఇప్పుడు మొరటుదైంది, ఎప్పుడూ అరవవలసిన అవసరం రాని గొంతు దేవుడి వరమైంది. ఇది ఏ న్యాయం?

పంతం కొద్దీ ఊడ్చే వంకతో నేనొక్కదాన్నే మధ్యాహ్నాలు కతీడ్రల్‌కు పోయేదాన్ని. తలుపు దగ్గరికి వేసి పాడేదాన్ని. ఆమె లాగా ఆగి పాడాలని చూశాను. మాట వదిలి, నోరు మూసుకుని, కప్పు వైపు చూస్తూ ఆగడం. చెప్పడానికి తేలికే. నా గొంతు ఆగదు. ఎక్కడ సందు కనపడితే అక్కడికి ఉరుకుతుంది, ఎన్నేళ్ళ భయమో అది. అయినా ఆ మధ్యాహ్నాల్లో ఆ గదిని నేను బాగా చదువుకున్నాను. మాట ఎటు పోతుందో, ఎక్కడ తిరుగుతుందో, వెనక గోడను తాకి ఎప్పుడు చల్లబడుతుందో. పాట ఆపాక మోత సన్నబడుతూ సన్నబడుతూ, ఒకచోట ఉందా లేదా అన్నట్టవుతుంది. ఆ తరువాత పాడితే మాట శుభ్రంగా నిలబడుతుంది. అంతకు ముందు పాడితే అంతా రొచ్చు. నాకు గది తెలిసింది. గదికి మాత్రం నేను అక్కర్లేదు. తెలిసి కూడా చేయలేకపోవడం ఎట్లా ఉంటుందో నా శత్రువుకు కూడా చెప్పను.

ఒకరోజు ఆమె మెట్లు దిగి వచ్చి, "అక్కా, పల్లవి మనోళ్ళు ఎప్పుడందుకోవాల్నో ఎట్ల చెప్పాలె? నాకు జర భయమైతున్నది" అంది.

"నీకు గోడలు పాడ్తయి గదా, గోడలనే అడుగు" అన్నాను.

ఆమె వచ్చిన మెట్లే ఎక్కి పైకి పోయింది. ఆ పూట ఆమె సాధన చేయలేదు. నేనూ మిక్సీ వేయలేదు.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నే డీసీఎం వ్యాన్లు, ట్రాక్టర్లు, ఆటోలు. ఆదిలాబాద్ అడవి ఊళ్ళ నుంచి, పెద్దపల్లి దిక్కు నుంచి జనమే జనం. గుడి ముందు చెప్పుల కుప్ప మా పాత షెడ్డంత ఎత్తు పెరిగింది. బిషప్ గారు తలుపు తెరిపించారు. ఆ కిందికి ఉన్న వాకిట్లో అందరూ తల వంచి, లోపలికి వచ్చాక ఒక్కసారి తల ఎత్తి పైకి చూడడం నేను చూశాను. ఒక్కరు కూడా గిలాబు మాట ఎత్తలేదు. మేం ఈ గుడి వాళ్ళం కాబట్టి మమ్మల్ని ముందు కూర్చోబెట్టారు. నేను నెమలికంఠం చీరలోనే పోయాను. పాడకపోతే కట్టకూడదని ఎక్కడా లేదు కదా. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో, పాట పాడే చోటికి ఎదురుగా కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో దాచను. ఆమె తడబడితే దగ్గర నుంచి చూడాలని.

బైబిల్ మొదటి పఠనం అయింది. ఆమె లేచి వచ్చింది. తెల్లటి చీర, ఒంటి మీద నగ ఒక్కటీ లేదు, మెడలో జపమాల తప్ప. పల్లవి పాడి వినిపించింది. మొదటి చరణం ఎత్తుకుంది. వెలుగు వెనక గోడ మీదుగా జారుతోంది. గదంతా ఆమె గొంతు. చరణం చివరి మాట ఇంకా ఆమె నోట్లోనే ఉంది, మా మగవాళ్ళు ఆడవాళ్ళ కోసం ఆగకుండానే మీదపడి పల్లవి ఎత్తుకున్నారు.

ఎన్నేళ్ళ అలవాటు! సందు ఇవ్వకూడదని నేర్చుకున్న జనం మరి. వాళ్ళను విని మిగతా ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో చోట అందుకున్నారు. కప్పు కింద అంతా ఒకటే గోల. అది తగ్గక ముందే ఆమె రెండో చరణం మొదలుపెట్టవలసి వచ్చింది. ఒక్క మాట వినపడలేదు. బిషప్ గారు తల పక్కకు తిప్పి విన్నారు. రెండో చరణం చివర మళ్ళీ అదే. ఈసారి ఇంకా ముందు. ఆమె చెయ్యి మైకు స్టాండును గట్టిగా పట్టుకుంది.

నాకు సంతోషమైంది. అబద్ధం ఎందుకు? ఒళ్ళంతా చల్లగా, హాయిగా అయింది. చూడండి, ఇప్పుడు చూడండి అనుకున్నాను.

మూడో చరణం సగంలో ఉండగా నా పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూశాను. వాళ్ళు ఆమెను చూడడం లేదు. నన్ను చూస్తున్నారు. ఎక్కడ అందుకోవాలో తెలియక, ఎప్పుడూ చూసే చోటికే చూస్తున్నారు. నా భుజాలకేసి. వెనక వరసలు కూడా అంతే. అవతలి వైపు మగవాళ్ళు మా ఆడవాళ్ళ నోళ్ళకేసి చూస్తున్నారు. నేను గాలి పీలిస్తే చాలు, ఈ చరణం కూడా మునుగుతుంది. ఆమె మళ్ళీ మైకు ముట్టదు. అంత తేలిక.

ఆమె కూడా నా వైపే చూస్తోంది.

నేను భుజాలు లేపలేదు. పెదవులు బిగబట్టి, ఒళ్ళో ఉన్న చెయ్యి కొంచెం పైకి లేపి, అరచెయ్యి కిందికి పెట్టాను. ఆగండి అని. చరణం అయిపోయింది. నా పక్కన ఒకామె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. మగవాళ్ళ వైపు ఎవరో అందుకోబోయి, ఆడవాళ్ళు ఎవరూ ఎత్తకపోయేసరికి మింగేశారు. ఆమె చివరి మాట కప్పు దాకా పోయింది, వంపు వెంట తిరిగింది, వెనక గోడను తాకి వచ్చింది. మా జనం గుడిలో అంతసేపు ఊరికే ఉండడం అదే మొదటిసారి. మోత సన్నబడింది. ఉందా లేదా అనిపించింది. అప్పుడు చెయ్యి ఎత్తి, గాలి పీల్చి, పల్లవి ఎత్తాను.

అంత మంది ఒకేసారి పాడిన పల్లవి ఆ ఖాళీలో పడింది. అది ఎట్లా ఉందో నాకు చెప్పడం రాదు. వాన కాదు, లారీ కాదు, దేనితోనూ కొట్లాట లేదు. 

ప్రేమతో చేశానని చెప్పుకోవాలని నాకూ ఉంది. ప్రేమ కాదు. చీపురు పట్టుకుని నిలబడిన రోజు నేను మనసులో ఏ పాట విన్నానో, అది ఆ పాట. అది నా నోట్లోంచి రాలేదు సరే, నా కళ్ళ ముందే రొచ్చయిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మిగతా చరణాలన్నీ అట్లాగే నడిచాయి. ఆమె పాడింది, నేను ఆపాను, నేను ఎత్తాను. తరువాత బిషప్ గారు బలిపీఠానికీ గోడలకూ తైలం పూశారు. ఉత్త కాంక్రీటు మీద ఆ తైలం నల్లగా ఇంకిపోవడం అందరూ చూశారు. నేను చూశాను గానీ నా మనసు అక్కడ లేదు.

భోజనాల దగ్గర బగారన్నం, కోడికూర. ఆర్కిటెక్ట్ ఆమె దగ్గరికి పోయి ఫోటో దిగాడు. బిషప్ గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ గుడికి తగిన గొంతు అన్నారట. మా వీధివాళ్ళు నాకే వచ్చి చెప్పారు, నేను అక్కడ లేనట్టు. జనం మొదట్లో తొందరపడి తరువాత ఎట్లా సర్దుకున్నారో ఒక్కరు అడగలేదు. అదేదో వాళ్ళంతట వాళ్ళకే తెలివి వచ్చినట్టు. మా మరిది ఊరందరికీ నీళ్ళు పోస్తూ, తనే పాడినంత గొప్పగా తిరుగుతున్నాడు. నేను ముక్కలన్నీ పక్కకు పెట్టి ఉత్త అన్నం తిన్నాను.

ఆమె పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కన కింద కూర్చుంది. 

"అక్కా, నువ్వు చెయ్యి లేపకపోతే నేను ఆడ్నే కూలవడుదును" అంది మెల్లగా. "వచ్చే ఐతారం గూడ గా జాగల్నే కూసో. నాకు కనవడేటట్టు."

"గీ మాట ఫాదర్ ముంగట చెప్పరాదా?" అన్నాను.

ఎకసెక్కం ఆడుతున్నాననుకుని ఆమె నవ్వింది. కళ్ళు తుడుచుకుని అన్నం కలుపుకుంది. నేను ఎకసెక్కం ఆడలేదు. ఆమె ఫాదర్‌కు చెప్పనూ లేదు.

అయినా ఆదివారం పోయి ఆ జాగాలోనే కూర్చుంటున్నాను. ఆమె చరణం పాడి నన్ను చూస్తుంది. జనమూ నన్నే చూస్తారు. నేను అరచెయ్యి కిందికి పెట్టి ఆగుతాను. ఆ ఆగినంతసేపు గుడిలో మోగేది ఆమె గొంతే. నేనెంత ఆగితే అది అంతసేపు మోగుతుంది. ఒక్కోసారి కడుపు మండి, తొందరగా ఎత్తేద్దామని చెయ్యి లేస్తుంది. ఇంకా మోత అయిపోలేదని నాకే తెలుస్తుంది, మళ్ళీ దించుకుంటాను.